తలకింత: ఒక అద్దె లెక్కలో పనితనం

అమెరికా ఫెడరల్ నిబంధనావళిలో ఇళ్లకు సంబంధించింది 24వ విభాగం. దాని అయిదో భాగంలో 5.520 అనే నిబంధన ఒకటుంది. ఆరు మెట్ల లెక్క అది. ముందు తీసివేత, తర్వాత భాగహారం, ఆపైన గుణకారం, చివర మళ్లీ తీసివేత. అయిదో తరగతి పిల్లలకిచ్చినా చేసేస్తారు. కానీ అది తేల్చిన చిక్కు మాత్రం చిన్నది కాదు. ఒకే కప్పు కింద దేశ పౌరులూ, కాగితాల్లేనివాళ్లూ కలిసి బతుకుతున్నప్పుడు, కొందరికే చెల్లే ప్రభుత్వ ఇంటి సాయాన్ని ఆ ఇంటికి ఎలా ఇవ్వాలి?

కావ్యానికి పరిచయం రాస్తాం, కచేరీకి రాస్తాం. అద్దె నిబంధనకు రాయడం వింతగానే ఉంటుందని తెలుసు. అయినా దీన్ని ఎవరో కూర్చుని, ఒక్కో కుటుంబాన్నీ కళ్ల ముందు పెట్టుకుని కట్టారని చదువుతుంటే తెలుస్తుంది. వాళ్ల పేర్లు ఎక్కడా ఉండవు. గుమాస్తా భాషలో రాసిన పని కనుక మెచ్చుకునేవాళ్లూ ఉండరు.

దీనికి మూలం 1980లో అమెరికన్ కాంగ్రెస్ చేసిన గృహనిర్మాణ, సామాజికాభివృద్ధి చట్టంలోని 214వ సెక్షన్. ప్రభుత్వమే కట్టి అద్దెకిచ్చే పబ్లిక్ హౌసింగ్‌లోనూ, ప్రైవేటు ఇంటి అద్దెలో కొంత ప్రభుత్వం భరించే సెక్షన్ 8లోనూ సాయం ఎవరికి అందాలో అది చెబుతుంది. పౌరులకు సరే. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు, శరణార్థులకు, ఆశ్రయం పొందినవాళ్లకు, ఇంకా పేర్కొన్న కొన్ని తరగతుల వలసదారులకు కూడా అందుతుంది. ఆ జాబితాలో లేనివాళ్లకు లేదు. దొంగతనంగా సరిహద్దు దాటినవాళ్లే జాబితా బయట ఉన్నారనుకుంటే పొరపాటు. సక్రమంగా వీసా మీద వచ్చి, పద్ధతిగా పన్ను కట్టే లక్షలమంది కూడా బయటే ఉన్నారు.

ఇక్కడ మనవాళ్ల మాట రాక తప్పదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో హెచ్-1బి మీద పనిచేస్తున్న తెలుగు ఇంజినీరు 214 కంటికి అనర్హుడు. గ్రీన్ కార్డు వరసలో ఎన్నేళ్లుగా నిలబడ్డాడన్నదానితో దానికి పనిలేదు. అక్కడే పుట్టిన అతని కూతురు పౌరురాలు కనుక అర్హురాలు. అతని జీతం ఆదాయ పరిమితిని దాటేస్తుంది కాబట్టి ఈ సాయం అవసరం సాధారణంగా రాదనుకోండి. పెద్దవాళ్ల సంగతి వేరు. పౌరసత్వం వచ్చిన కొడుకు పిటిషన్ పెడితే గ్రీన్ కార్డుతో దిగిన తల్లి, ఆదాయం పరిమితి లోపుంటే, మొదటి రోజు నుంచే అర్హురాలు. 1996 సంక్షేమ చట్టం ఫుడ్ స్టాంపుల వంటి వాటికి పెట్టిన అయిదేళ్ల ఎదురుచూపు ఈ ఇళ్ల సాయానికి లేదు. పేరు నమోదు చేసుకున్నాక వెయిటింగ్ లిస్టులో గడిచే ఏళ్లు మాత్రం ఎవరికైనా తప్పవు.

చట్టం 1980ది. అర్హులూ అనర్హులూ కలిసి ఉన్న మిశ్రమ కుటుంబాలతో సహా దాన్ని అమలు చేసే తుది నిబంధనలను గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి శాఖ, అంటే హడ్, 1995 మార్చి 20న ప్రచురించింది. ఆ ఏడాది జూన్ 19 నుంచి అవి అమల్లోకొచ్చాయి. అప్పటికి హడ్ మంత్రి హెన్రీ సిస్నెరోస్, టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో నగరానికి మేయరుగా చేసిన మెక్సికన్ అమెరికన్. మిశ్రమ కుటుంబం అంటే ఏమిటో ఆయనకు ఎవరూ విడమరచి చెప్పాల్సిన పని ఉండి ఉండదు. పదిహేనేళ్లు పట్టడానికి రాజకీయాలు ఒక కారణమైతే, అసలు కారణం సమస్యలోనే ఉంది. కాగితాలు మనిషికుంటాయి, సాయం ఇంటికి అందుతుంది. ఈ రెంటినీ ఏ ముడితో కలపాలి? ఇంట్లో ఒక్కరికి అర్హత లేకపోయినా అందరినీ పంపేయడం ఒక దారి. అప్పుడు పౌరుడైన పసివాడు తన దేశంలోనే, తన తల్లి కాగితాల వల్ల, సాయం పోగొట్టుకుంటాడు. ఒక్కరికి అర్హత ఉంటే చాలు, ఇంటికంతా ఇచ్చేయడం రెండో దారి. అది చట్టం ఒప్పుకోదు. 1987లో కాంగ్రెస్ కుటుంబాలను విడదీయకుండా చూడమని సవరణ తెచ్చింది కాని, ఎలా అన్నది అంకెల్లో తేల్చాల్సింది నిబంధన రాసేవాళ్లే.

వాళ్లు తేల్చిన తీరు మన రేషన్ బియ్యంలా ఉంటుంది. తెలంగాణలో మనిషికి 6 కిలోలు. కార్డులో ఎన్ని పేర్లుంటే అన్ని ఆర్లు. పేరెక్కని కోడలు కూడా ఆ ఇంట్లోనే, ఆ కుండలోంచే తింటుంది. డీలరు ఆమెను బయటికి పొమ్మనడు, ఆమె వంతు మాత్రం తూయడు. 5.520 చేసిందీ ఇదే. సాయాన్ని తలలతో భాగించింది.

లెక్క ఎలా నడుస్తుందో ఒక ఊహా కుటుంబాన్ని పెట్టి చూద్దాం. పబ్లిక్ హౌసింగ్‌లో తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు. పిల్లలు అమెరికాలో పుట్టినవాళ్లు, తల్లిదండ్రులకు కాగితాల్లేవు. మినహాయింపులన్నీ పోగా నెల ఆదాయం 2,000 డాలర్లు. అందరూ అర్హులైతే ఆ ఇంటి వంతు అద్దె ఆదాయంలో 30 శాతం, అంటే 600. ఇది మొదటి మెట్టు. ఆ సైజు ఇంటికి దాన్ని నడిపే హౌసింగ్ సంస్థ నిర్ణయించిన ఫ్లాట్ రెంట్, అంటే ఆదాయంతో పనిలేకుండా ఆ ఇంటికి కట్టిన అద్దె, 1,600 అనుకుందాం, రెండో మెట్టు. 1,600లోంచి 600 తీసేస్తే 1,000. అందరూ అర్హులైతే ప్రభుత్వం భరించేది అంత. దాన్ని నలుగురితో భాగిస్తే తలకు 250. అర్హులు ఇద్దరు కనుక 500. ఆ 500ను 1,600లోంచి తీసేస్తే, కుటుంబం కట్టాల్సిన అద్దె 1,100 డాలర్లు.

ఇప్పుడు దీన్ని తిప్పి చూడండి. మంచి పనిని అంచుల దగ్గర పరీక్షించాలంటారు కదా. నలుగురూ అర్హులైతే లెక్క తిరిగి 600 దగ్గరికే వస్తుంది. వేరే నియమం రాయనక్కర్లేదు. ఒక్కరూ అర్హులు కాకపోతే 1,600 దగ్గర ఆగుతుంది, అంటే సాయం సున్నా. ఆదాయం పెరిగి 30 శాతమే 1,600కు చేరితే, ఎంతమంది అర్హులన్న ప్రశ్నే పోతుంది. ఎటు చూసినా ఎక్కడా గెంతు లేదు, గోతి లేదు. పక్క ఊళ్లోంచి పనిలేని మేనమామ, కాగితాల్లేకుండా, వచ్చి చేరాడనుకోండి. తలలు అయిదు, అర్హులు ఇద్దరే. తలకు 200 చొప్పున 400. అద్దె 1,200కి ఎక్కుతుంది. ఆయన బదులు గ్రీన్ కార్డున్న నాయనమ్మ వస్తే అర్హులు ముగ్గురు, అద్దె 1,000కి దిగుతుంది. ఇంకో బిడ్డ పుట్టినా అంతే. ప్రతి రాకకూ, ప్రతి పోకకూ అదే సూత్రం జవాబిస్తుంది. ఆఫీసులో కూర్చున్న గుమాస్తా దయాదాక్షిణ్యాలకు చోటు లేదు. ప్రభుత్వ సాయాల విషయంలో ఇది చిన్న సుగుణం కాదని మండలాఫీసు మెట్లెక్కినవాళ్లకు తెలుసు.

సెక్షన్ 8లో లెక్క ఇంకా పొట్టిది: అందరూ అర్హులైతే వచ్చే సాయాన్ని అర్హుల నిష్పత్తితో గుణిస్తే చాలు. పబ్లిక్ హౌసింగ్‌లో ఆ ఇల్లు ప్రభుత్వానిదే కనుక బయటి మార్కెట్ అద్దె అంటూ చేతిలో ఉండదు. అందుకే ‘పూర్తి అద్దె’ అనే ఊతం ముందు వెతుక్కోవాల్సి వచ్చింది. మొదట్లో ఆ సంస్థ కింద ఉన్న కుటుంబాలు కట్టే అద్దెల్లో 95వ పర్సంటైల్ అంకెను పట్టుకున్నారు. అది తెలివైన సర్దుబాటే కాని, ఇంటికీ అంకెకూ సంబంధం పలచన. తర్వాత ఫ్లాట్ రెంట్ దాని స్థానంలోకి వచ్చాక లెక్క నేల మీద నిలబడింది.

మెచ్చుకుంటూనే రెండు చోట్ల నా వేలు ఆగింది. మొదటి మెట్టు దగ్గర ఆదాయం లెక్కగట్టేటప్పుడు అర్హత లేనివాళ్ల సంపాదన కూడా మొత్తంగా కలుపుతారు. తండ్రి డబ్బు లెక్కలోకొస్తుంది, తండ్రి తల రాదు. పైన చెప్పిన కుటుంబం 2,000లో 1,100 అద్దెకే ఇస్తోంది, 55 శాతం. మూడో వంతు కన్నా తక్కువలో అద్దె సరిపెట్టాలన్నదే ఈ పథకాల ఉద్దేశం కదా అనిపిస్తుంది. పోనీ ఆ ఆదాయాన్ని వదిలేస్తే? పిల్లలకు సంపాదన ఉండదు కనుక ఇంటి వంతు కనీస అద్దెకు, అంటే 50 డాలర్లకో అంతకు లోపుకో పడిపోతుంది. మన లెక్కలో 50 పెట్టి చేస్తే చివరి అద్దె 825 వస్తుంది. బాగానే ఉంది. కానీ ఆ తండ్రి నెలకు పదివేలు సంపాదించినా అదే 825. దాన్ని ఏ చట్టసభ ముందూ నిలబెట్టలేం. రాసినవాళ్లు ఇదంతా ఆలోచించే తండ్రి డబ్బును లోపలికి తెచ్చి ఉంటారని ఒప్పుకుంటాను. నాకు నచ్చకపోయినా సమర్థించగలను.

రెండోది నాలుగో మెట్టు. బియ్యాన్ని భాగించొచ్చు. వంటగదినీ స్నానాలగదినీ నాలుగు ముక్కలు చేయలేం. ఇద్దరు పసివాళ్లకు ఇల్లిచ్చామంటే వాళ్లను పెంచే పెద్దమనిషికి కూడా చోటిచ్చినట్టే. ఆ మనిషి లేకుండా ఆ ఇల్లు వాళ్లకు ఇల్లే కాదు. తల్లి భాగాన్ని కోసేయడం పిల్లల భాగాన్నే కోయడం అవుతుంది. దీనికి మాత్రం నాకు సమాధానం దొరకలేదు.

లెక్క పక్కన పెడితే, దాని చుట్టూ అల్లిన కాగితాల పనే నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది. దరఖాస్తులో ప్రతి మనిషికీ ఒక ప్రకటన ఉంటుంది: నేను పౌరుణ్ణి, లేదా నాకు అర్హత ఉన్న వలస హోదా ఉంది అని. అబద్ధమైతే శిక్ష ఉంటుందని తెలిసి చేసే సంతకం అది. ఈ రెంటిలో ఏదీ చెప్పలేనివాళ్ల సంగతేమిటి? నేను అక్రమంగా ఉన్నానని రాసిమ్మంటే ఏ తల్లీ ఆ గడప తొక్కదు. అందుకని మూడో దారి తెరిచారు: ఫలానావాళ్లు అర్హత ఉందని వాదించడం లేదు అని కుటుంబం రాసిస్తే చాలు. ఎందుకని అడగరు. ఆ మనిషి దగ్గర హెచ్-1బి ఉండొచ్చు, గడువు తీరిన టూరిస్టు వీసా ఉండొచ్చు, ఏమీ లేకపోవచ్చు. ఆఫీసుకు తెలియాల్సిన పనిలేదు. సోషల్ సెక్యూరిటీ నంబర్లు అందరూ ఇవ్వాలన్న ఇంకో నిబంధనలో సైతం, 5.216లో, ఇలా వాదించనివాళ్లను మినహాయించారు. వేరే గదిలో కూర్చుని రాసిన నిబంధనకు కూడా ఇదే మేకు సరిపోయేలా బిగించారన్న మాట.

చెప్పకుండా దాచితే మాత్రం పరిస్థితి వేరు. అర్హత లేని మనిషిని తెలిసి తెలిసి ఇంట్లో స్థిరంగా ఉంచుకుని లెక్కలో చూపించకపోతే, సాయం కనీసం 24 నెలలు ఆగిపోతుంది. చూపించి, వాటా తగ్గించుకున్న కుటుంబానికి ఈ శిక్ష వర్తించదని కూడా అక్కడే రాశారు. నిజం చెప్తే కొంత పోతుంది, దాస్తే మొత్తం పోతుంది. మనుషులు ఎటు మొగ్గుతారో కనిపెట్టి రాసిన నియమం.

వలసదారుల్లో 62 ఏళ్లు నిండిన పెద్దలకు ఇంకో వెసులుబాటు ఉంది. అర్హత ఉందన్న సంతకం, వయసు రుజువు ఇస్తే సరిపోతుంది. వలస పత్రాల తనిఖీ ఉండదు. మిగతావాళ్ల పత్రాలు ‘సేవ్’ అనే ఫెడరల్ కంప్యూటర్ వ్యవస్థలో సరిచూస్తారు. అందులో దొరక్కపోతే వెంటనే కాదనడానికి వీల్లేదు, మనుషులు ఫైళ్లు తీసి చూసే రెండో తనిఖీకి పంపాలి. అక్కడా తేలకపోతే వలస శాఖకు అప్పీలు చేసుకోవడానికి 30 రోజులు, ఆపైన హౌసింగ్ సంస్థ ముందు విచారణ కోరుకోవడానికి ఇంకో 30 రోజులు. సకాలంలో పత్రాలిచ్చిన అద్దెదారుకు ఇవన్నీ ముగిసేదాకా సాయం తగ్గించకూడదు, ఆపకూడదు. ఒకసారి రుజువైన పౌరసత్వాన్ని ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ మళ్లీ అడగరు. ఏటేటా ‘బతికే ఉన్నాను’ అని పత్రం ఇచ్చే మన పెన్షనర్లకు ఈ చివరి మాట ఎంత తీపో చెప్పక్కర్లేదు.

కుట్లు ఊడిన చోట్లు కూడా ఉన్నాయి. విదేశీ విద్యార్థుల విషయంలో ఈ ఓర్పంతా ఒక్కసారిగా మాయమవుతుంది. ఎఫ్-1 మీద చదువుకునేవాళ్లకూ, వాళ్లతో వచ్చిన విదేశీ జీవిత భాగస్వామికీ పిల్లలకూ వాటా లెక్కలో కూడా చోటు లేదని విడిగా ఒక నిషేధమే రాశారు. విద్యార్థి పెళ్లాడింది పౌరురాలినైతే ఆమెకూ, వాళ్ల పిల్లలకూ ఆ నిషేధం తగలదు. ఏదో ఒక పాత ఫిర్యాదుకు జవాబుగా అతికించిన ముక్కలా కనిపిస్తుంది నాకది. మిగతా బట్టతో రంగు కలవదు.

పైగా 214 అన్ని ఇళ్లకూ వర్తించదు. పేదల కోసం పన్ను రాయితీలతో కట్టే ఇళ్ల పథకం ఒకటి 1986 నుంచి నడుస్తోంది. దానికి ఈ పౌరసత్వ నియమం లేదు. అంటే ఒకే భవనంలో, ఒకే అద్దె కడుతున్న పక్కపక్క ఇళ్లలో, ఒకరిని కాగితాలడుగుతారు, ఇంకొకరిని అడగరు.

ఇదే చిక్కును పూర్తిగా వేరే పద్ధతిలో విప్పిన దేశం సింగపూర్. అక్కడ జనాభాలో ఎక్కువమంది హెచ్‌డీబీ అనే ప్రభుత్వ గృహ సంస్థ కట్టిన ఫ్లాట్లలోనే ఉంటారు, అదీ కొనుక్కుని. కొత్త ఫ్లాటుకు దరఖాస్తు చేసేవాళ్లలో ఒకరైనా పౌరులై ఉండాలి. భార్యాభర్తల్లో ఒకరు పౌరులు, ఇంకొకరు పర్మనెంట్ రెసిడెంట్ (పీఆర్) అయితే 10,000 సింగపూర్ డాలర్లు అదనంగా కట్టాలి. ఆ రెండో మనిషి పౌరసత్వం తీసుకున్నా, పౌరుడైన బిడ్డ పుట్టినా ఆ 10,000 గ్రాంటు రూపంలో తిరిగొస్తుంది. ఇద్దరూ పీఆర్‌లే అయితే కొత్తది లేనే లేదు. మూడేళ్లు పీఆర్‌గా గడిపాక పాత ఫ్లాటు రీసేల్‌లో కొనుక్కోవాలి. అక్కడి తెలుగువాళ్ల కబుర్లలో ఈ మూడేళ్ల లెక్క తరచూ దొర్లుతుంది. అమెరికా నిబంధన ఉన్న కుటుంబాన్ని ఉన్నట్టు తీసుకుని అద్దె తేలుస్తుంది. సింగపూర్ నిబంధన కుటుంబాన్ని ఒక వైపు నడిపించాలనుకుంటుంది, అందుకు చేతిలో పదివేలు పట్టుకుని నిలబడుతుంది. పనితనంగా చూస్తే రెండోది మరింత చురుకైనది. నాకు మొదటిదే ఇష్టం.

2019 మే 10న హడ్ ఈ కట్టడాన్ని విప్పేయాలని ప్రతిపాదించింది. అద్దె ఒప్పందం ఎవరి పేర ఉందో వాళ్లకు అర్హత ఉండి తీరాలని, వాటా సాయం తనిఖీ ముగిసేదాకా మాత్రమే ఉండాలని, 62 దాటనివాళ్లందరి హోదా తనిఖీ చేయాలని. అప్పటికి దేశమంతా కలిపి మిశ్రమ కుటుంబాలు సుమారు 25,000, వాటిలో మనుషులు లక్షా 8 వేలు, అర్హులైన పిల్లలు 55,000 అని హడ్ ఆర్థిక నిపుణులే లెక్కగట్టారు. వాళ్లే ఇంకో లెక్క కూడా చేశారు. వాటా తగ్గిన కుటుంబం ఎక్కువ అద్దె కడుతుంది, ప్రభుత్వం మీద తక్కువ భారం వేస్తుంది. ఆ కుటుంబాన్ని ఖాళీ చేయించి ఆ ఇంటికి అందరూ అర్హులైన కుటుంబాన్ని తెస్తే, పూర్తి సాయం ఇవ్వాలి. అలా ఏడాదికి అదనంగా అయ్యే ఖర్చు 19 కోట్ల 30 లక్షల నుంచి 22 కోట్ల 70 లక్షల డాలర్లు. బడ్జెట్ పెరగకపోతే అది ఇళ్ల సంఖ్యలోనో నాణ్యతలోనో కోతగా తేలుతుంది.

2021 ఏప్రిల్‌లో ఆ ప్రతిపాదనను ఉపసంహరించుకున్నారు. 2025 మార్చిలో ప్రభుత్వ ఇళ్లను పౌరులకే దక్కించాలన్న పేరుతో హడ్, హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ ఒప్పందం మీద సంతకాలు చేసుకోవడంతో వాదన మళ్లీ రాజుకుంది. విశేషం ఏమిటంటే, 2019లో వాళ్లకు 5.520 లెక్కతో పేచీ లేదు. వాళ్లు మార్చాలనుకున్నది దానికి ముందున్న గడప: ఇంట్లో ఎవరో ఒకరు అర్హులైతే చాలు, అది ఏడాది నిండని పాప అయినా సరే అన్న చిన్న షరతు.